సుల్తాను చెరువుకు టైగా చుట్టాలు

ఫిన్లాండ్ నుంచి తూర్పు సైబీరియా దాకా పరుచుకున్న స్ప్రూస్, పైన్, బర్చ్ చెట్ల చిత్తడి అడవుల్లో, అంటే టైగాలో, ఒక నీటి పిట్ట చెట్టు మీద గుడ్లు పెడుతుంది. దాని చుట్టాలైన ఉల్లంకి పిట్టల్లో చాలా వరకు నేల మీదే చిన్న గుంట చేసుకుని పెడతాయి. ఇది మాత్రం త్రష్ పిట్టలు వదిలేసిన పాత గూటినో, ఉడుత ఖాళీ చేసిన గూటినో వెతుక్కుంటుంది. సాధారణంగా నాలుగు గుడ్లు. పిల్లలు ఎగరడం రాకముందే ఆ ఎత్తు నుంచి నాచు మీదికి దూకేసి, తడి నేలలో పురుగులు ఏరుకోవడం మొదలుపెడతాయి. పాత చెట్లు, వాటి మీద పాత గూళ్లు, వాటి కింద నిలిచిన నీరు ఒకేచోట దొరకాలి. లేకపోతే పక్షిశాస్త్రజ్ఞులు గ్రీన్ శాండ్‌పైపర్ అని పిలిచే ఈ పిట్ట సంసారం సాగదు.

ఆగస్టు వచ్చేసరికి అదే పిట్ట తెలంగాణ చెరువుల ఒడ్డున ఉంటుంది. గుంపు కట్టదు. తూము కింద మడుగు దగ్గరో, వరి మడి గట్టునో ఒంటరిగా తోక ఆడిస్తూ తిరుగుతుంది. మనిషి అలికిడైతే కీచుమని లేస్తుంది. అప్పుడు నడుం మీది తెల్లటి మచ్చ మెరుస్తుంది.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో, నగరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఇబ్రహీంపట్నం ఉంది. అక్కడి పెద్ద చెరువు కట్ట మీద నిలబడి నేరుగా ఉత్తరానికి గీత గీస్తే అది హిమాలయాలు, తియాన్‌షాన్ పర్వతాలు, కజకిస్తాన్ గడ్డి మైదానాలు దాటి పశ్చిమ సైబీరియా టైగా అడవిలోకి వెళుతుంది. దూరం దాదాపు ఐదు వేల కిలోమీటర్లు. ఉత్తరాది అడవుల రక్షణ అనగానే మాట అక్కడి గొడ్డళ్ల మీదికీ, కార్చిచ్చు మీదికీ పోతుంది. పోవాల్సిందే. కానీ ఆ అడవుల్లో పుట్టిన పిట్టల్లో చాలా వాటికి అడవి ఏడాదిలో మూడు నాలుగు నెలల పుట్టిల్లు మాత్రమే. మిగతా కాలమంతా దారిలోనూ, దక్కన్ చెరువుల్లోనూ గడుస్తుంది. అందుకే టైగా అడవి చరిత్రలో ఒక అధ్యాయం గోల్కొండ సుల్తాను తవ్వించిన చెరువు దగ్గర కూడా చదువుకోవాలి.

ఆ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. అంతకుముందు అన్నకు భయపడి ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. తనను ఆదరించిన రామరాయల మీదే 1565 యుద్ధంలో కత్తి దూశాడన్నదీ చరిత్రే. అయితే విజయనగరం నుంచి ఆయన వెంట వచ్చింది తెలుగు ఒక్కటే కాదనిపిస్తుంది. ఆ రాజ్యం చెరువుల రాజ్యం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలేమిటో, ఉండకూడని ఆరు దోషాలేమిటో అందులో చెక్కారు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు తయారైందట. ఇటు తెలంగాణ నేల మీద కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరం అప్పటికే మూడు వందల ఏళ్లుగా నీళ్లు పట్టుకుని ఉన్నాయి. ఇబ్రహీం రెండు వైపుల వారసత్వానికీ హక్కుదారు.

హుస్సేన్ సాగర్ ఆయన కాలంలోనే, 1560ల మొదట్లో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తయారైంది. చెరువు కట్టించింది సుల్తాను, జనం నోట మిగిలింది హుస్సేన్ పేరు. అది చూసి చిన్నబుచ్చుకున్న ఇబ్రహీం తన పేరు నిలిచేలా ఇంకో చెరువు తవ్వించాడనీ, అదే ఇబ్రహీంపట్నం చెరువనీ ఒక కథ చెప్పుకుంటారు. కథలో నిజమెంతైనా ఫలితం మాత్రం కళ్ల ముందుంది. రాళ్ల గుట్టలు, తుమ్మ తుప్పలు, వాన పడితే గంటలో ఉరికిపోయే వాగులు తప్ప మరేమీ లేని మెట్ట నేల మధ్య ఒక పెద్ద నీటి పరప ఏర్పడింది. దాని కట్ట కింద వరి పండింది. దాని అంచున ఊరు పెరిగింది.

పిట్టల కోసం ఆ చెరువును ఎవరూ తవ్వలేదు. అయినా దాని పనితీరు ఉత్తరాది నుంచి వచ్చే పిట్టల అవసరానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఎలా సరిపోయిందో నిదానంగా చూడాలి.

నైరుతి వానలు జూన్‌లో మొదలై, సెప్టెంబర్ చివరికి చెరువును వీలైనంత నింపుతాయి. ఒకదానికొకటి కలిసిన చెరువుల గొలుసుకట్టులో ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. వానాకాలం పంటకూ, ఆ తర్వాత యాసంగి నాట్లకూ తూములు తెరుస్తారు. నీళ్లు ఒక్కసారిగా కాకుండా రోజుకింత చొప్పున దిగుతాయి. దిగినకొద్దీ, నీళ్లు నిలిచే నేల అయిన శిఖం అంచున కొత్త బురద బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, నత్తలు, నీటి గడ్డి విత్తనాలు ఉంటాయి. సైబీరియా గడ్డకట్టడంతో ఐదు వేల కిలోమీటర్లు ఎగిరి ఒంట్లో కొవ్వంతా కరిగిపోయిన పిట్టలు ఇక్కడ దిగేదీ అప్పుడే. నవంబర్‌లో లోతు నీళ్లలో ఈదే బాతులకు చోటుంటుంది. జనవరికి చీలమండ లోతు నీళ్లలో నడిచే ఉల్లంకులకు చోటు పెరుగుతుంది. కట్ట కింద ఆయకట్టు వరి మడులు వాటికి రెండో పళ్లెం. మార్చి, ఏప్రిల్‌లో పిట్టలు మళ్లీ ఉత్తరానికి లేచే వేళకు చెరువు అడుగంటడం మొదలవుతుంది.

ఈ దిగుడు వేగాన్ని ఊళ్లో ఒక మనిషి నిర్ణయించేవాడు. ఆయన నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎన్ని జాములు నీళ్లు పోవాలి, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, అలుగు రాళ్లు ఎక్కడ కదిలాయి అన్నదంతా ఆయన తలలో ఉండేది. రైతులు పంట నూర్చాక కల్లం దగ్గరే ఆయన వాటా గింజలు కొలిచి ఇచ్చేవారు. చాలా ఊళ్లలో ఆ పనికి ఇనాం భూమీ ఉండేది. వేసవిలో పూడిక మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతు పెరిగేది, పొలానికి ఒండ్రు దక్కేది. కట్ట మీద మైసమ్మకు మొక్కులు చెల్లించడం, బతుకమ్మలను చెరువు నీళ్లలో వదలడం ఆ నీటి మీద ఊరికున్న హక్కునూ బాధ్యతనూ ఏటేటా గుర్తుచేసేవి. ఏ పక్షి శాస్త్రమూ తెలియకుండానే ఈ మనుషులు నాలుగు శతాబ్దాల పాటు టైగా పిట్టల చలికాలపు ఇంటిని నడిపారు. రక్షిత అడవి అనే మాట పుట్టకముందు నుంచీ సాగిన రక్షణ ఇది. చరిత్ర పుస్తకాల్లో దీనికి చోటు దొరకలేదన్నది బాధ కలిగించే సంగతి.

ఆ ఇంటికి వచ్చేవాళ్లలో గ్రీన్ శాండ్‌పైపర్‌కు తోడు వుడ్ శాండ్‌పైపర్ ఉంది. దాని పుట్టిల్లు ఉత్తరాది అడవుల మధ్య బురద నేలలు. సూదితోక బాతు, చెంచామూతి బాతు, చిన్న కామన్ టీల్ బాతు అడవి, టండ్రా, మైదానాల కొలనుల్లో గుడ్లు పెట్టి దక్షిణానికి దిగుతాయి. చేపలు పట్టే ఆస్ప్రే గద్ద ఉత్తరాదిలో ముదురు పైన్ చెట్ల కొనల మీద పెద్ద పుల్లల గూడు కడుతుంది. ఫిన్లాండ్‌లో అలాంటి ముదురు చెట్లు నరికివేతకు పోయాక, ఆ గద్దల కోసం మనుషులే చెట్ల తలల మీద గూళ్లు అమర్చి పెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల జలాశయాల మీద చలికాలంలో తిరిగే ఆస్ప్రేలకు కావాల్సిందీ అలాంటిదే: నిండుగా చేపలు, నిశ్చింతగా కూర్చుని తినడానికి ఒక ఎత్తైన మోడు.

వీటన్నిటికంటే చిన్నదాన్ని మాత్రం చాలామంది గమనించరు. గ్రీనిష్ వార్బ్లర్ బరువు ఏడెనిమిది గ్రాములు. బాల్టిక్ తీరం నుంచి యెనిసీ నది దాకా అడవుల్లో పుట్టి, చలికాలానికి దక్షిణ భారతం చేరుతుంది. చింత, వేప, మర్రి ఆకుల్లో పురుగులు ఏరుతూ ఉంటుంది. చూపుకు దొరకదు గానీ దాని పిలుపు రోజంతా వినిపిస్తూనే ఉంటుంది. బ్రిటిష్ పరిశోధకుడు ట్రెవర్ ప్రైస్ ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో పక్షుల రాకపోకలను గమనించి 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశాడు. ఈ వార్బ్లర్ చలికాలపు జీవితం మీద 1981లో మరో వ్యాసం వెలువరించాడు. చలికాలమంతా ఈ పిట్టలు తలా కొన్ని చెట్లను హద్దు కట్టుకుని, ఇంకో వార్బ్లర్‌ను రానివ్వకుండా కాస్తాయి. అంటే చెరువు కట్ట మీద ఒక పాత చింతచెట్టు కొట్టేస్తే, సైబీరియా అడవిలో ఒక పిట్టకు ఇక్కడున్న చలికాలపు చిరునామా పోయినట్టే.

ఈ సంగతులు తెలుసుకునే పని తెలుగు నేల మీద చాలా ముందే మొదలైంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న టి.సి. జెర్డన్ 1862–64లో వెలువరించిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పిట్ట తర్వాత పిట్టకు తెలుగు పేర్లు రాసుకుంటూ పోయాడు. ఆ పేర్లు ఆయనకు ఇచ్చినవాళ్లు ఇక్కడి వేటగాళ్లు, వలకాళ్లు. వాళ్ల పేర్లు పుస్తకానికి ఎక్కలేదు. నిజాం రాజ్యంలో పక్షుల లెక్క మాత్రం 1931 దాకా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని పూరించడానికి సలీం అలీ ముందుకొచ్చాడు. తన పనికి జీతం అక్కర్లేదని, శిబిరాల ఖర్చు భరిస్తే చాలని అడిగాడు. 1931–32లో భార్య తెహ్మీనాతో కలిసి డేరాలు మోసుకుంటూ రాజ్యమంతా తిరిగాడు. మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర నల్లమల అడవిలోనూ మకాం పెట్టాడు. హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో ఆ సర్వే 1933–34లో భాగాలుగా అచ్చయింది. తెలంగాణలో ఏ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అని అడిగేవాళ్లకు ఇప్పటికీ మొదటి ఆధారం అదే.

పిట్ట కాలికి ఉంగరం తొడిగి, అది మళ్లీ ఎక్కడ దొరుకుతుందో చూసే పనిని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959 ప్రాంతంలో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. భారతదేశంలో ఉంగరం తొడిగిన బాతులు సోవియట్ దేశంలో దొరికాయి. ఊహలో ఉన్న గీత పటం మీదికి వచ్చింది. హైదరాబాద్‌లో 1980లో పుట్టిన పక్షి ప్రేమికుల సంఘం, రాష్ట్రం విడిపోయాక డెక్కన్ బర్డర్స్ పేరుతో, చెరువుల వెంట తిరిగి లెక్కలు రాయడాన్ని అలవాటుగా నిలిపింది. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది. అది 1987 నుంచి ఉంది.

అడవి నిలిచినా పిట్ట నిలవకపోవచ్చని చెప్పడానికి సైబీరియా కొంగ కథ కంటే గట్టి సాక్ష్యం లేదు. వాటిలో ఒక గుంపు పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది దిగువన కునోవత్ ఏటి దగ్గర, టైగా అడవి మధ్య బురద నేలల్లో గుడ్లు పెట్టేది. మనిషి అడుగు అరుదుగా పడే చోటు అది. చలికాలం రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో గడిపేది. 1960లలో అక్కడికి వందకు పైగా కొంగలు వచ్చేవి. తర్వాత ఏటేటా తగ్గాయి. 2001–02 చలికాలంలో ఒక జంట వచ్చింది. ఆ తర్వాత రాలేదు. కునోవత్ అడవిని ఎవరూ చదును చేయలేదు. దారిలో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఎగిరేటప్పుడు వేటగాళ్లు కొట్టారు. చలికాలపు విడిది కుదించుకుపోయింది. గూడు భద్రంగా ఉంది, కట్టే పిట్ట లేదు.

ఇబ్రహీంపట్నంలో విడిది ఎలా కుదించుకుపోయిందో చూస్తే ఇందులో ఒక్క దోషి దొరకడు. నిజాం కాలంలో ఈ చెరువుకు నీళ్లు చేర్చడానికి ఫిరంగి నాలా ఉండేది. షాబాద్ వైపు ఈసీ వాగు పరీవాహకంలో మొదలై శంషాబాద్ మీదుగా ఇటు సాగే పొడవైన కాలువ. దారిపొడవునా ఎన్నో చెరువులకు అదే ఊపిరి. నగరం పెరిగింది. నాలా మీద వెంచర్లు పడ్డాయి. చాలాచోట్ల మట్టి పోసి పూడ్చారు. మరోవైపు బోర్లు వచ్చాయి. 1980ల తర్వాత రైతుకు తూము మీద కంటే మోటారు మీద నమ్మకం పెరిగింది. అందులో అతని తప్పేమీ లేదు. చెరువు నిండని ఏడాది పిల్లల్ని సాకాలి కదా! కానీ ఎప్పుడైతే తూముతో పని లేకుండా పోయిందో, అప్పుడే నీరటికి గింజలు కొలిచే కల్లమూ పోయింది. చెరువుకు నీళ్లు తెచ్చే పాటు కాలువల పూడిక తీయాలన్న పట్టింపూ తగ్గింది. ఎగువన వాగుల్లో ఇసుక తోడేశారు. ఎండిన శిఖంలో దున్నకాలు మొదలయ్యాయి. ఔటర్ రింగ్ రోడ్డు బొంగ్లూరు మీదుగా పోవడం, ఆదిభట్లలో విమాన విడిభాగాల పరిశ్రమలూ, సాఫ్ట్‌వేర్ ప్రాంగణమూ రావడంతో ఎకరం ధర కోట్లలోకి చేరింది. ఒక తరం పిల్లలు ఈ చెరువును ఎండిన మైదానంగానే చూస్తూ పెరిగారు.

2022లో మంచి వానలకు చెరువు నిండి, నాలుగు దశాబ్దాలకు పైగా విరామం తర్వాత అలుగు పారింది. జనం తండోపతండాలుగా వచ్చారు. తాతలు మనవళ్లను వెంటబెట్టుకొచ్చి తమ చిన్ననాటి అలుగు ఎక్కడిదాకా దూకేదో చూపించారు. నీళ్లు వచ్చాయి కాబట్టి పిట్టలూ వస్తాయని అందరూ అనుకున్నారు. బాతులకు ఆ మాట నిజమే. ఉల్లంకుల సంగతి అంత తేలిక కాదు. అంచుదాకా నిండి అలాగే నిలిచిపోయిన చెరువులో వాటికి కాలు మోపే బురద ఉండదు. నీళ్లు నెమ్మదిగా దిగాలి. దిగాలంటే తూములు పనిచేయాలి. తూములు పనిచేయాలంటే వాటి కింద వరి ఉండాలి. ఆయకట్టు ప్లాట్లుగా మారాక తూము ఎత్తేదెవరికోసం? చెరువును సుందరీకరణ పేరుతో రాతి గోడల మధ్య ఏడాది పొడవునా ఒకే మట్టంలో ఉంచే పద్ధతి మరీ చేటు. అందులో పడవ తిరుగుతుంది, కానీ వుడ్ శాండ్‌పైపర్ దిగదు.

అటు ఉత్తరాన పరిస్థితి నిమ్మళంగా ఏమీ లేదు. 2021 వేసవిలో యకూతియా అడవులు తగలబడి పొగ ఉత్తర ధ్రువం దాకా పాకింది. ముదురు చెట్లను వరసగా నరికి, ఒకే ఈడు మొక్కలు నాటిన చోట త్రష్ పాత గూళ్లూ ఉండవు, ఆస్ప్రేకు కొనలు పరిచిన పైనూ ఉండదు. చిత్తడిని కాలువలు తీసి ఆరబెట్టిన చోట పిల్లలకు పురుగులుండవు. చెట్టు నరికి నీళ్లు ఆరబెట్టడం అక్కడి కథ అయితే, నీళ్లు ఆరాక చెట్టు నరకడం ఇక్కడి కథ. నష్టపోయే పిట్ట ఒక్కటే.

ప్రభుత్వాలు ఈ బంధాన్ని కాగితం మీద ఎప్పుడో ఒప్పుకున్నాయి. వలస పక్షుల రక్షణకు భారత్, సోవియట్ యూనియన్ 1984లోనే ఒడంబడిక చేసుకున్నాయి. సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాల మీదుగా సాగే దారికి మధ్య ఆసియా వలస మార్గమని పేరు. దాని కోసం భారత్ 2018లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగిన వలస జీవుల అంతర్జాతీయ సదస్సులో ఈ మార్గం ప్రధానాంశమైంది. 2024 ఫిబ్రవరిలో సమర్‌కంద్‌లో జరిగిన తర్వాతి సదస్సు, సమన్వయ కేంద్రం భారత్‌లో ఉండేలా ఒక ఉమ్మడి కార్యక్రమాన్ని ఆమోదించింది. ఇవన్నీ మంచి పనులే. అయితే ఇలాంటి ప్రణాళికల్లో పేరున్న పెద్ద సరస్సులకు ముందు చోటు దొరుకుతుంది. గ్రీన్ శాండ్‌పైపర్ లాంటి ఒంటరి పిట్టలు పెద్ద సరస్సుల్లో గుమిగూడవు. చిన్న కుంటకొకటి, తూముకొకటి, వాగు మలుపుకొకటి చొప్పున వేల ఊళ్లలో చెదిరి ఉంటాయి. వాటిని కాపాడే ప్రణాళిక ఏదైనా తెలంగాణలో గొలుసుకట్టు చెరువుల గుండానే పోవాలి.

ఇబ్రహీంపట్నం వరకు చేయాల్సిన పని ఊహకు అందనిదేమీ కాదు. చెరువు పూర్తి నీటిమట్టం దాకా హద్దు రాళ్లు పాతి శిఖాన్ని శిఖంగా ఉంచాలి. ఫిరంగి నాలాను, పాటు కాలువలను మొదటి నుంచి చివరి దాకా తెరవాలి. కట్ట మీదా కింద పొలం గట్ల మీదా మిగిలిన చింత, మర్రి, వేప చెట్లకు లెక్క రాసి నరకకుండా ఆపాలి. మిగిలి ఉన్న ఆయకట్టుకు తూముల ద్వారానే నీళ్లివ్వాలి. యాసంగికి తూము ఎత్తే తేదీలను నీటిపారుదల శాఖ, చేపల సొసైటీ, రైతులు కలిసి కూర్చుని పెట్టుకుంటే, జనవరి గణనకు వచ్చే పక్షి ప్రేమికుల లెక్కలు ఆ తేదీలను ఏటేటా సరిదిద్దుకోవడానికి పనికొస్తాయి. ఏ నెలలో నీళ్లు ఏ రాయి దాకా దిగాలో గుర్తున్న ముసలివాళ్లు నీరటి కుటుంబాల్లో ఇంకా ఉంటారు. ఆ కొలతలు వాళ్లను అడిగి, రాసి పెట్టుకోవాల్సిన సమయం ఇదే.